జులైలో ఎడారి ప్రయాణం: ఆర్‌వీ తీసుకోవాలా, కారు చాలా?

మా కాలనీలో ఏప్రిల్ వచ్చిందంటే రెండే ముచ్చట్లు. కూలర్‌కి కొత్త గడ్డి ఎవరు వేయిస్తున్నారన్నది ఒకటి, అమెరికాలో పిల్లల దగ్గరికి ఎవరెవరు ఎప్పుడు బయలుదేరుతున్నారన్నది రెండోది. మనవలకి స్కూలు సెలవులు జూన్, జులైల్లోనే. కొడుక్కో అల్లుడికో వారం రోజులు సెలవు దొరికేదీ అప్పుడే. ఇంకేముంది, "ఆర్‌వీ తీసుకుని లాస్ వేగస్, జయాన్, గ్రాండ్ కేన్యన్ చుట్టి వద్దాం" అని ప్లాన్ తయారవుతుంది. ఆర్‌వీ అంటే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే ఉన్న బండి. ఇంటిని వెంటేసుకుని తిరగడమే.

రెండేళ్ళ కిందట జులైలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి ఆరుగురం అలా తిరిగొచ్చాం. ఈ ఏడు మా వియ్యంకుల వంతు. "బావగారూ, మీరు వెళ్ళొచ్చారు కదా, ఆర్‌వీ మంచిదా కారు మంచిదా?" అని ఫోన్ చేశారు. నేను ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసిన మనిషిని. ఏది అడిగినా ఆంపియర్ల దగ్గర మొదలుపెడతానని మా ఆవిడ దెప్పుతుంది. ఈసారి మాత్రం వాటికంటే ముందు వేరే ప్రశ్న అడిగాను: రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తులో ఉంది?

ముందు ఎత్తు, తర్వాతే బండి

ఎడారి అనగానే మన కళ్ళ ముందు ఒకే చదును ఇసుక కనిపిస్తుంది. అక్కడిది అలా కాదు, మెట్లమెట్లుగా ఉంటుంది. డెత్ వ్యాలీలోని ఫర్నెస్ క్రీక్ సముద్రమట్టానికి దాదాపు 58 మీటర్లు దిగువన ఉంది. జులైలో అక్కడ సగటు పగటి ఎండ 47 డిగ్రీలు. లాస్ వేగస్ 600 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే దాదాపు మన హైదరాబాద్ ఎత్తే. అక్కడ 41 డిగ్రీల దాకా ఉంటుంది. జయాన్ లోయ 1,200 మీటర్లు, 38 డిగ్రీలు. పేజ్ అనే ఊరు 1,300 మీటర్లు, 36 డిగ్రీలు. గ్రాండ్ కేన్యన్ దక్షిణ అంచు 2,100 మీటర్లు. అక్కడ జులైలో 29 డిగ్రీలే. బ్రైస్ కేన్యన్ ఇంకా పైన, 2,400 మీటర్లు. మేం అక్కడ రాత్రి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

అంటే ఒకే ప్రయాణంలో రెండు మూడు వందల మైళ్ళ తేడాలో మన మే నెలా ఉంది, ఊటీ లాంటిదీ ఉంది. ఒక కిలోమీటరు పైకెక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందన్న స్కూలు పాఠం అక్కడ కళ్ళకు కడుతుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆర్‌వీ ఇల్లు కాదు. గోడలు పలుచన. పైన ఒకటి, మహా అయితే రెండు ఏసీలు. బయట ఎంత ఉందో దానికంటే సుమారు 11 డిగ్రీలు తగ్గించగలిగితే ఆ ఏసీ బాగా పనిచేస్తున్నట్టే. ఈ లెక్క వేసి చూడండి. పేజ్‌లో 36 ఉంటే లోపల 25, హాయిగా నిద్రపోవచ్చు. లాస్ వేగస్‌లో 45 తగిలితే లోపల 34. మన ఇంట్లో కరెంటు పోయిన మధ్యాహ్నం ఎలా ఉంటుందో అలా. ఆ ఊళ్ళో 2024 జులై 7న 48.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజు దొరికితే ఇక చెప్పనక్కర్లేదు. డెత్ వ్యాలీలో 50 ఉంటే లోపల 39. ఆ మాత్రం దానికి ఆర్‌వీకి అద్దె కట్టడం దేనికి?

రాత్రయితే చల్లబడుతుంది కదా అని మా బావగారు అన్నారు. ఎత్తైన చోట నిజమే. ఫర్నెస్ క్రీక్‌లో మాత్రం జులై రాత్రి సగటు కనిష్ఠమే 31 డిగ్రీలకు పైన. మన మే నెల రాత్రులే అంతకంటే నయం.

అందుకే నా సలహా ఇది. ముందు కాగితం మీద రాత్రి మకాములు రాసుకోండి. పక్కన ఎత్తు రాయండి. 1,500 మీటర్ల పైన ఉన్న రాత్రులు ఎక్కువైతే ఆర్‌వీ గురించి ఆలోచించండి. కింద ఉన్న రాత్రులు ఎక్కువైతే కారు, గది.

కరెంటు సంగతి, ఒక లో-వోల్టేజీ రాత్రి

క్యాంప్‌గ్రౌండ్‌లో "ఫుల్ హుక్‌అప్" అని బోర్డు ఉంటే కరెంటు, నీళ్ళు, మురుగు మూడూ కలిపే గొట్టాలు, ప్లగ్గులు ఉన్నాయని అర్థం. వేసవిలో ఇది సౌకర్యం కాదు, అవసరం. కరెంటు లేని చోట ఏసీ నడవాలంటే బండిలో ఉన్న జనరేటర్ వేయాలి. అది గంటకు అర గాలన్ వరకు పెట్రోల్ తాగుతుంది. అదీ బండి నడిచే ట్యాంకులోంచే. ట్యాంకు పావు వంతుకు దిగితే ఆగిపోతుంది, మీరు నడి ఎడారిలో చిక్కుకోకుండా అలా ఏర్పాటు చేశారు. జాతీయ పార్కుల క్యాంపుల్లో రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు. పైగా ఎత్తు పెరిగే కొద్దీ దాని బలం తగ్గుతుంది. కాబట్టి "జనరేటర్ ఉందిగా" అని ఎవరన్నా ధైర్యం చెబితే నమ్మకండి.

ప్లగ్గులు రెండు రకాలు. 30 ఆంపియర్లది అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. 50 ఆంపియర్లదానిలో అలాంటి లైన్లు రెండు, మొత్తం 12,000 వాట్లు. పేర్లు చూస్తే తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ నిజానికి మూడు రెట్లకు పైనే. ఒక ఏసీకి 13 నుంచి 15 ఆంపియర్లు పోతాయి. మైక్రోవేవ్‌కి 12. కరెంటు మీద వేడినీళ్ళు పెడితే ఇంకో 12. రైస్ కుక్కర్‌కి ఆరు. 30 ఆంపియర్ల బండిలో ఏసీ నడుస్తుండగా కోడలు పాలు వేడి చేద్దామని మైక్రోవేవ్ వేసింది, వేడినీళ్ళ స్విచ్ అప్పటికే వేసి ఉంది. ఠక్కుమని అంతా ఆరిపోయింది. వేసవిలో రెండు ఏసీలు, 50 ఆంపియర్లు ఉన్న బండి దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి.

అసలు కథ మొదటి రాత్రి జరిగింది. కింది ఎడారిలో ఒక ఆర్‌వీ పార్కు, సాయంత్రం ఆరు. బయట 43. చుట్టూ ఎనభై తొంభై బండ్లు, అన్నిట్లోనూ ఏసీ. మాది ముక్కుతూ మూలుగుతూ ఆగిపోయింది. మళ్ళీ అందుకోబోయి మళ్ళీ ఆగింది. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. ఎండాకాలం సాయంత్రాల్లో మన పాత కాలనీల్లో ఫ్రిజ్‌లు అలాగే మూలిగేవి. మీటర్ పెట్టి చూస్తే 120 ఉండాల్సిన చోట 102 వోల్టులు. అమెరికా వెళ్ళి కూడా లో-వోల్టేజీతో యుద్ధమా అని నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. 104 కంటే దిగితే కంప్రెసర్ కాలిపోయే ప్రమాదం ఉంది, అందుకని ఏసీ కట్టేయించాను. రాత్రి పదకొండు దాకా తడి తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నాం. మా మనవరాలికి అదొక ఆట. మా ఆవిడకి కాదు.

మనం ఇంట్లో స్టెబిలైజర్ పెట్టుకుంటాం కదా, ఆర్‌వీలకీ అలాంటిది ఉంది, ఆటోఫార్మర్ అంటారు. అద్దె బండ్లలో మాత్రం ఆశించకండి. కనీసం వోల్టేజీ చూపించే చిన్న ప్లగ్ మీటర్ ఒకటి కొనుక్కోండి. పార్కు బుక్ చేసేటప్పుడు నీడ ఉన్న స్థలం అడగండి. ఏసీని పొద్దున్నే, బండి ఇంకా చల్లగా ఉండగానే వేయండి. మూడు గంటలకు వచ్చి వేస్తే అది రాత్రి దాకా ఈదుతూనే ఉంటుంది. డ్రైవర్ ముందున్న పెద్ద అద్దంలోంచి వచ్చే వేడి అంతా ఇంతా కాదు. వెండిరంగు షీటు అడ్డుపెట్టి, సీట్ల వెనక పరదా లాగేయాలి.

తడి తువ్వాలు ఎందుకు పనిచేసిందో కూడా చెప్పాలి. ఎడారి గాలి పొడిగా ఉంటుంది, నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది. మన వట్టివేళ్ళ తడికల సూత్రమే. హైదరాబాద్‌లో మేలో కూలర్ పనిచేసి విజయవాడలో ఉసూరుమనడానికీ ఇదే కారణం. అయితే అరిజోనాలో కూడా వానాకాలం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా దాన్ని మాన్‌సూన్ అనే పిలుస్తారు. జులై రెండో సగంలో గాలిలో తేమ చేరితే తువ్వాలు కూడా చేతులెత్తేస్తుంది.

పెద్ద ఆర్‌వీ

మేం తీసుకున్నది క్లాస్ సీ రకం. వ్యాన్ ముక్కు, వెనక పెట్టెలాంటి ఇల్లు, డ్రైవర్ నెత్తిమీద కూడా ఒక పడక. పొడవు 25 నుంచి 30 అడుగులు. ఆరుగురికి సరిపోతుంది, ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ. దీన్ని నడపడానికి అక్కడ మామూలు లైసెన్స్ చాలు. మీరు కూడా స్టీరింగ్ పట్టాలనుకుంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్ళండి. అయినా కొడుకునే నడపనివ్వండి. కుడిచేతి దారి, పెద్ద బండి, ఎదురుగాలి, మూడూ ఒకేసారి మనకొద్దు.

దీని గొప్పతనం వంట, బాత్రూమ్. అరవై దాటినవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి రెండు గంటలకోసారి బాత్రూమ్ వెతుక్కోనక్కర్లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త. గ్యాస్ మీద, కరెంటు మీద రెండిటి మీదా నడిచే పాత తరహా ఫ్రిజ్‌లు ఎండ ఎక్కువైతే చల్లబరచలేవు. కంప్రెసర్‌తో నడిచే ఫ్రిజ్ ఉన్న బండేనా అని అడగండి. అడిగితే చెబుతారు. వంట తెల్లవారుజామునే అయిపోవాలి. మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తే ఏసీ పడ్డ కష్టమంతా వృథా. మేం పొద్దున్నే పులిహోర, మధ్యాహ్నం పెరుగన్నం అని పెట్టుకున్నాం. నాలుగో రోజుకి మనవడు పిజ్జా కోసం సమ్మె చేశాడు.

కష్టాలు. పెట్రోల్ గాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళు, అంటే లీటర్‌కు నాలుగు కిలోమీటర్లు కూడా గట్టిగా రాదు. లాస్ ఏంజెలెస్‌లో బయలుదేరి వేగస్, జయాన్, బ్రైస్, పేజ్, గ్రాండ్ కేన్యన్ చూసి వెనక్కి రావడానికి సుమారు 1,300 మైళ్ళు. దీనికి 130 నుంచి 160 గాలన్లు. అదే దారికి మామూలు ఎస్‌యూవీకి 50 గాలన్ల చిల్లర చాలు. దానికి తోడు అద్దె బిల్లులో రోజుకింత, మైలుకింత, జనరేటర్ గంటకింత, గిన్నెల సెట్టుకింత అని వరసలు ఉంటాయి. మొదటి పేజీలో కనబడే అంకె చూసి లెక్క వేయకండి. క్యాంపు అద్దె విడిగా ఉంటుందని కూడా చాలామంది మరిచిపోతారు. గ్రాండ్ కేన్యన్ దక్షిణ అంచులో ట్రైలర్ విలేజ్‌లో ఫుల్ హుక్‌అప్ ఉంది, పక్కనే ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి మేథర్ అయినా సర్దుకోవచ్చు.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు మీద కన్నేసి ఉంచాలి. పెరుగుతుంటే ముందు సీట్ల ఏసీ కట్టేసి నెమ్మదిగా ఎక్కాలి. అవును, 42 డిగ్రీల్లో. దిగేటప్పుడు బ్రేకుల మీద కాళ్ళు పెట్టి కూర్చోకుండా చిన్న గేరులో దిగాలి, మన శ్రీశైలం ఘాట్‌లో లారీవాళ్ళు దిగినట్టు. టైర్ల పక్కన డాట్ అని మొదలయ్యే నంబర్‌లో చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటిన టైర్లున్న బండిని ఎడారికి తీసుకెళ్ళొద్దు, మరకలేకుండా మెరుస్తున్నా సరే. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం ఒత్తిడి పెరిగిందని గాలి తీసేస్తే చేజేతులా టైరు పేల్చుకున్నట్టే.

నీళ్ళ గురించి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళు ఎలా కాల్తాయో ఆర్‌వీ కుళాయి నీళ్ళూ అంతే. చల్లనీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు, వేడినీళ్ళ కుళాయి తిప్పితే మరీ వేడినీళ్ళు. మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని కొడుకుదో అల్లుడిదో ముందే తేల్చుకోండి. ఎండకి ఆ వాసన గురించి ఇక్కడ రాయను.

జయాన్ నుంచి బ్రైస్ వెళ్ళే దారిలో 1930లో తెరిచిన సొరంగం ఒకటి ఉంది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ ఉన్న పెద్ద బండ్లకు అక్కడ ఆంక్షలున్నాయి. క్లాస్ సీ బండి ఈ ఆంక్షల కిందికే వస్తుంది. బ్రైస్‌కి చుట్టు దారి ముందే చూసుకోవాలి.

చిన్న వ్యాన్

క్లాస్ బీ, అంటే క్యాంపర్ వ్యాన్, ఇద్దరికైతే భలే ఉంటుంది. గాలన్‌కు 15 మైళ్ళకు పైగా ఇస్తుంది, మామూలు పార్కింగ్‌లో పడుతుంది, ఆ సొరంగంలోంచి కూడా పోతుంది. లోపల చోటు చిన్నది కాబట్టి తొందరగా చల్లబడుతుంది, అద్దాలు ఎక్కువ కాబట్టి అంతే తొందరగా వేడెక్కుతుంది. కొన్నింట్లో పెద్ద లిథియం బ్యాటరీ మీద ఏసీ రెండు మూడు గంటలు నడుస్తుంది, రాత్రంతా నడవదు. కొన్నింట్లో అసలు ఏసీయే ఉండదు, ఫ్యాన్ మాత్రమే. ఫొటోల్లో సముద్రం ఒడ్డున తలుపు తెరుచుకుని కాఫీ తాగుతున్న జంట కనిపిస్తుంది. ఆ ఫొటో జులైలో అరిజోనాలో తీసింది కాదు. పిల్లలు వెంట ఉంటే దీని జోలికి పోవద్దు.

వెనక లాగే ట్రైలర్

మనలాంటి చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి ఇది పనికిరాదు. లాగడానికి గట్టి పికప్ ట్రక్కు కావాలి. అద్దె కార్లకి ట్రైలర్ తగిలించనివ్వరు. అక్కడే స్థిరపడి, సొంత ట్రక్కు ఉన్నవాళ్ళకైతే ఒక లాభం ఉంది. ట్రైలర్‌ని ప్లగ్గుకి తగిలించి, ఏసీ వేసి వదిలేసి, ట్రక్కులో ఊరు తిరిగి రావచ్చు. ఆర్‌వీతో ఆ సుఖం లేదు, పాల ప్యాకెట్‌కి కూడా ఇల్లంతా కదలాలి.

కారు, మోటెల్

ఇది అందరికీ చప్పగా అనిపించే సలహా. నాకూ అనిపించింది. అయినా ఇప్పుడు కింది ఎడారిలో రాత్రి గడపాల్సి వస్తే నేను తీసుకునేది ఇదే. మోటెల్ గదికి ఆర్‌వీ కంటే మందమైన గోడ ఉంటుంది, ఏసీ ఉంటుంది, వోల్టేజీ వాళ్ళ తలనొప్పి. కారు ఏసీ ఇంజన్ మీద నడుస్తుంది కాబట్టి చిన్న చోటుని నిమిషాల్లో చల్లబరుస్తుంది. వేసవి కింది ఎడారికి సీజన్ కాదు. చలికాలం చలినుంచి పారిపోయి వచ్చే ముసలివాళ్ళతో కిక్కిరిసే ఊళ్ళు జులైలో బోసిపోయి ఉంటాయి, గదులు చవకగా దొరుకుతాయి. పైన గ్రాండ్ కేన్యన్, బ్రైస్ దగ్గర దీనికి సరిగ్గా ఉల్టా. అక్కడ గది నెలల ముందు బుక్ చేయకపోతే దొరకదు.

లోటు ఏమిటంటే భోజనం. శాకాహారులకి చిన్న ఊళ్ళలో చిప్స్, బ్రెడ్డే గతి. ఒక ఐస్‌పెట్టె, చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా ఉంటే గడిచిపోతుంది. గదిలో వండొచ్చో లేదో అడిగి చేయండి, పోపు వాసనకి పొగ అలారం మోగిందంటే మొత్తం మోటెల్ బయటికి వస్తుంది.

డెత్ వ్యాలీ గురించి విడిగా

1913 జులై 10న ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే. ఆ 134 ఫారన్‌హీట్ గుర్తుగా దారిలో బేకర్ అనే ఊళ్ళో 134 అడుగుల థర్మామీటర్ నిలబెట్టారు. దాని పక్కన ఫొటో దిగి, అటునుంచి అటే వేగస్ వెళ్ళిపోవడం నా దృష్టిలో మంచి ప్లాన్.

కొన్ని అద్దె కంపెనీల ఒప్పందంలో వేసవిలో డెత్ వ్యాలీలోకి ఆర్‌వీ తీసుకెళ్ళకూడదని రాసే ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవండి. దాన్ని మీరి వెళ్ళి బండి ఆగిపోతే లాగించే ఖర్చు మీదే. అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. వెళ్ళి తీరాలంటే కారులో, తారు రోడ్డు మీదే, తెల్లవారుజామున లోపలికి, పదింటికల్లా బయటికి. మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి, నడిచి వెళ్ళి సాయం తేవాలనుకోకూడదు.

"మనకి ఎండలు కొత్తా?" అని మా బావగారు ఫోన్‌లో నవ్వారు. మన ఎండలో చొక్కా తడుస్తుంది, దాహం గుర్తొస్తుంది. అక్కడ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. బీపీకి నీళ్ళ మాత్రలు వేసుకునేవాళ్ళు బయలుదేరే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి, బరువూ ఉండవు, ఖర్చూ కాదు. ఇంకొకటి, చెప్పులు. 2024 జులైలో ఒక బెల్జియం టూరిస్టు అక్కడి ఇసుక దిబ్బల మీద చెప్పులు పోగొట్టుకుని నడిచి పాదాలు తీవ్రంగా కాల్చుకున్నాడు. వేడికి గాలి పలుచబడి హెలికాప్టర్ కూడా అక్కడికి దిగలేకపోయింది. అతన్ని అంబులెన్స్‌లో పైకి, కాస్త చల్లటి చోటుకి తీసుకెళ్ళాక హెలికాప్టర్ ఎక్కించారు. హవాయి చెప్పులతో అమెరికా అంతా తిరిగేసే మన పెద్దవాళ్ళకి ఇది చెప్పి తీరాలి.

వానాకాలం సంగతి కూడా కలుపుకోండి. ఎక్కడో కొండల మీద కురిసిన వాన మన నెత్తిమీద చుక్క పడకుండానే వరదగా వస్తుంది. 1997 ఆగస్టు 12న పేజ్ దగ్గర యాంటెలోప్ కేన్యన్ ఇరుకు సందుల్లో అలా వచ్చిన నీటికి పదకొండు మంది పోయారు. ఎండిన వాగులో బండి ఆపుకుని పడుకోవడం లాంటివి చేయకూడదు, ఎంత నీడ కనిపించినా.

ఇంత దూరం ఎందుకు, మన థార్ ఎడారికే పోతే?

హైదరాబాద్ నుంచి కారవాన్ అద్దెకి తీసుకుని జైసల్మేర్ వెళ్దామా అని మా కాలనీ కుర్రాడొకడు మేలో అడిగాడు. రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు వచ్చిందని గుర్తు చేశాను. రోడ్డు మీద వెయ్యిన్నర కిలోమీటర్లకు పైగా ప్రయాణం, రాత్రి ప్లగ్గు పెట్టుకునే చోట్లు అరుదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో అయితే కారవాన్ సరదాగా ఉంటుంది, వేసవిలో వద్దు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి

భార్యాభర్తలిద్దరే అయితే కారు. కుర్రజంట, పై ఎత్తుల్లోనే తిరుగుతామంటే క్యాంపర్ వ్యాన్. పిల్లలూ పెద్దలూ కలిపి ఐదారుగురు ఉండి, బాత్రూమ్ అవసరం ఎక్కువై, ప్రతి రాత్రికీ హుక్‌అప్ ముందే దొరికితే పెద్ద ఆర్‌వీ. అప్పుడు కూడా మొదటి రోజే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఎక్కడా రాత్రి ఆగకుండా కింది ఎడారిని దాటేసి సాయంత్రానికల్లా పైకెక్కేయాలి. హుక్‌అప్ దొరకని రాత్రి ఒక్కటున్నా, అది 1,500 మీటర్ల కింద ఉంటే ఆ ఒక్క రాత్రికి మోటెల్‌లో గది తీసుకోండి. బండికి డబ్బు కట్టి గదికి మళ్ళీ కట్టాలా అని మనసు పీకుతుంది. మాకూ పీకింది, అందుకే 102 వోల్టుల రాత్రి చూశాం.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. కింద అంతా కారులో తిరగాలి. పైన చల్లటి చోట మూడు రాత్రులకు ఆర్‌వీ లేదా ట్రైలర్ తెచ్చి నిలబెట్టే యజమానులు దొరుకుతారు. వాళ్ళే తెచ్చి, ప్లగ్గు పెట్టి, మట్టం చూసి వెళ్ళిపోతారు, మనం నడపక్కర్లేదు. పిల్లలకి ఆర్‌వీ ముచ్చట తీరుతుంది. కొడుక్కి మురుగు గొట్టం పని తప్పుతుంది. మా బావగారికి ఇదే చెప్పాను. అరిజోనాలో ఎత్తు మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరి దగ్గర మూడు రాత్రులు అలా తీసుకున్నారు, మిగతావన్నీ మోటెల్ గదులు. ఎస్‌యూవీ కొడుకుదే.

వదినగారు మాత్రం ఇక్కడినుంచి రైస్ కుక్కర్ తీసుకెళ్తానని పట్టుబట్టారు. మనది 230 వోల్టులది వదినగారూ, అక్కడి 120 మీద పావు వంతు వేడి మాత్రమే వస్తుంది, బియ్యం నానుతాయి గానీ ఉడకవు అని చెప్పాను. పోయినేడు పెళ్ళిలో కానుకగా వచ్చిందట, కొత్తదట. పెట్టెలో పెట్టేశారని నిన్ననే తెలిసింది.